నలభై నిమిషాల దూరం

మార్చి 4

బావగారూ,

మీరు కూర్చుని చదవండి. నేను మాత్రం నిలబడే రాస్తున్నాను, కిటికీ గట్టు మీద కాగితం పెట్టుకుని. కుర్చీలో కూర్చుంటే రెండు లైన్లు రాయగానే లేచి హాల్లోకి పోతున్నాను, హాల్లోంచి వీధి గుమ్మంలోకి పోతున్నాను, ఎందుకొచ్చానో తెలియక మళ్ళీ లోపలికి వస్తున్నాను. మీ చెల్లెమ్మ, "కాస్త ఒకచోట ఉండండీ, మిమ్మల్ని చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అంటోంది. ఎలా ఉండను బావగారూ! తాతనవుతున్నాను! మీరూ అవుతున్నారనుకోండి, కానీ మీది ఆ ఇల్లే గనక మీకు ముందే తెలుసు. నాకు మొన్న ఆదివారమే తెలిసింది.

అమ్మాయి పెళ్ళయి పదకొండేళ్ళు. రెండుసార్లు చేతిదాకా వచ్చి జారిపోయాక ఇక మేమా మాటే ఎత్తడం మానేశాం. ఆరో నెల వచ్చేదాకా అమ్మాయి మాకు చెప్పలేదంటే భయపడే చెప్పలేదు. అర్థమైంది, కోపం లేదు. ఫోనొచ్చినప్పుడు నేను మంగలి షాపులో ఉన్నాను. పక్కింటాయన పరుగెత్తుకొచ్చి, "మీ అమ్మాయికి ఆరో నెలట, మీ ఆవిడ మిమ్మల్ని రమ్మంటోంది" అన్నాడు. సగం గడ్డంతో లేచి వచ్చేశాను, మెళ్ళో తువ్వాలుతో సహా. మీ చెల్లెమ్మ నా మొహం చూసి నవ్వింది, ఆ నవ్వులోనే ఏడ్చింది. ఆ మిగతా సగం గడ్డంతోనే డిపోకి వెళ్ళి, డ్యూటీ ఎక్కుతున్న డ్రైవర్లందరికీ చెప్పొచ్చాను. నేను రిటైరై తొమ్మిదేళ్ళయింది, సగంమందికి నేనెవరో కూడా తెలియదు. అయినా హారన్లు కొట్టారు!

ఇప్పుడు అసలు సంగతి. పురుటప్పుడు అమ్మాయి పక్కన వాళ్ళమ్మ ఉండాలి. కిందటేడు మీ చెల్లెమ్మ పిక్కలో రక్తం గడ్డకట్టింది, మీకు తెలుసు. "మూడు గంటలకు మించి కదలకుండా కూర్చోకూడదు, ఆ గడ్డ జారి పైకి పాకిందంటే మా చేతుల్లో ఏమీ ఉండదు" అని డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. మీరు పాత ఊళ్ళో ఉన్నప్పుడు పగలంతా రైలు గనక రాలేకపోయాం. అల్లుడికి బదిలీ అయి మీరందరూ ఆ కొత్త ఊరికి వెళ్ళాక, ఇంకా దూరమైపోయారని దిగులుపడ్డాను. వెర్రివాణ్ణి!

నిన్న టికెట్ల ఆఫీసుకి వెళ్ళాను. కళ్ళజోడు గుమస్తా ఒకాయన చీటీ రాసిచ్చాడు. పొద్దున తొమ్మిదీ పదికి ఇక్కడ విమానం ఎక్కితే తొమ్మిదీ యాభైకి మీ ఊళ్ళో దింపుతుందట. నలభై నిమిషాలు బావగారూ! మా డిపో నుంచి పాల ఫ్యాక్టరీకి సిటీ బస్సు అంతకంటే ఎక్కువసేపు తీసుకుంటుంది. ఆయనింకేదో చెప్పబోయాడు గానీ నేనప్పటికే మెట్లు దిగేశాను. నాకొకరు చెప్పేదేముంది? ముప్పై నాలుగేళ్ళు టైంటేబుల్ చూసి బండి నడిపినవాణ్ణి. ఎక్కే టైము, దిగే టైము, మధ్యలో ఉన్నదే ప్రయాణం.

కాబట్టి నొప్పులు మొదలవగానే అల్లుడి చేత ఒక్క ఫోను కొట్టించండి, చాలు. మీరు కాఫీ కలుపుకుని తాగేలోపు మంచం పక్కన ఉంటాం. మీ ఇంట్లో గదులు సర్దక్కర్లేదు, పక్కలు వెయ్యక్కర్లేదు. పొద్దున వస్తాం, సాయంత్రం వెళ్ళిపోతాం, రెండ్రోజులాగి మళ్ళీ వస్తాం. అమ్మాయికి మాత్రం చెప్పకండి. వాళ్ళమ్మని చూసినప్పుడు దాని మొహం ఎలా ఉంటుందో నేను చూడాలి. ఫోనులో మీకు సరిగా వినబడదు, నాకు మెల్లగా మాట్లాడటం చేతకాదు, అందుకని ఈ ఉత్తరం.

మళ్ళీ గుమ్మంలోకి పోతున్నాను,
మీ స్టీరింగు బావ


మార్చి 17

బావగారికి,

మీ ఉత్తరం చేరింది. మీ అక్షరాలు కూడా మీలాగే ఉన్నాయి. ప్రతి లైనూ కింద మొదలై మేడ మెట్లెక్కుతోంది. ముప్పై ఏళ్ళు పిల్లలకి డ్రాయింగు చెప్పినవాణ్ణి గనక కన్ను దాని మీదికే పోతుంది, తప్పుగా అనుకోకండి.

మీ సంతోషం మాకూ ఉంది. నాకు గంతులెయ్యడం రాదు గనక లేదనుకోవద్దు. కోడలు బాగుంది. మెట్లు ఎక్కువగా ఎక్కొద్దని డాక్టరమ్మ చెప్పింది, ఎక్కడం లేదు. జూన్ మొదటి వారం అంటున్నారు.

నలభై నిమిషాలంటూ రాసింది పరిహాసమనుకుంటాను. మీ పరిహాసాలు నాకెప్పుడూ సగమే అర్థమవుతాయి, పెళ్ళిలో కూడా అంతే. దాన్ని వదిలేద్దాం. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళిపోతామన్న మాట మాత్రం పరిహాసంలా లేదు. వియ్యాలవారి ఇంట్లో ఒక్క రాత్రి కన్నుమూయడానికి మీకొచ్చిన ఇబ్బందేమిటి? ఇన్నేళ్ళలో మావల్ల మీకేం తక్కువైంది? మా ఆవిడ ఆ ముక్క రెండుసార్లు చదివించుకుని, ఒక్క మాట కూడా అనకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆవిడ మాట్లాడకుండా వెళ్ళిందంటే దానర్థం నాకు తెలుసు.

వస్తే నెల రోజులుండేట్టు రండి. లేదా చెల్లెమ్మగారి కాలి సంగతి ఆలోచించుకుని అసలు రాకండి. కోడలికి మీరు కోరినట్టే చెప్పలేదు.

చెప్పాల్సింది చెప్పేశాను గనక ముగిస్తున్నాను,
మీ వియ్యంకుడు


మార్చి 29

బావగారూ,

"అసలు రాకండి." ఈ రెండు మాటలూ మీరు రాసినవేనా అని దీపం దగ్గర పెట్టి చూశాను. మీ దస్తూరీయే. ముత్యాల్లా ఉంది. ముత్యాలు కూడా గుచ్చుకుంటాయని ఈ వయసులో తెలిసింది.

పక్కలు వెయ్యొద్దన్నది మీకు శ్రమ ఎందుకని. అందులో తప్పేముంది? నా మటుకు నాకు ఎవరింట్లో పడుకున్నా ఒకటే, బస్సు టాపు మీద కూడా పడుకున్నాను. సరే, అది పక్కన పెట్టండి. మొన్న ఆదివారం అమ్మాయి వాళ్ళమ్మతో ఫోనులో ఏమందో తెలుసా? "అమ్మా, నువ్వు రావాలని మనసులో పెట్టుకోకు, రావొద్దు, ఇక్కడ అత్తయ్య ఉంది, నేను చూసుకుంటాను" అంది. నేను పక్కనే నిలబడి విన్నాను. అది నా కూతురి గొంతే గానీ నా కూతురి మాట కాదు. జ్వరమొస్తే పాతికేళ్ళప్పుడు కూడా వాళ్ళమ్మ చెయ్యి నుదుటి మీద ఉంటేనే నిద్రపోయిన పిల్ల. రావొద్దని దానికి ఎవరు నేర్పారు బావగారూ? ఒకపక్క మీరు రాకండి అంటారు, ఇంకోపక్క అది రావొద్దంటుంది. మధ్యలో నాలాంటి మొద్దుకి కూడా ఏదో కనబడదా?

మీరక్కడికి వెళ్ళి నాలుగు నెలలైంది. నలభై నిమిషాల దూరం. ఒక్కసారి, ఒక్క పూట, పిల్లని వాళ్ళమ్మకి చూపించి తీసుకుపోయారా?

ఇంత రాశానని నా సంతోషం తగ్గిందనుకునేరు. కోపం వేరే ట్యాంకు, సంతోషం వేరే ట్యాంకు. ఇదెంత కాలినా అది నిండుగానే ఉంది. గిలక్కాయ ఒకటి కొన్నాను. రోజంతా నేనే ఆడిస్తున్నానని మీ చెల్లెమ్మ దాచేసింది.

మర్నాడు రాస్తున్నది: ఇవాళ ఆ చీటీ వెనకవైపు చూశాను, తిరుగు విమానం టైములున్నాయి. పొద్దున పదకొండుకి అక్కడ ఎక్కితే రాత్రి తొమ్మిదీ నలభైకి గానీ ఇక్కడ దిగరట. పోవడానికి నలభై నిమిషాలు, రావడానికి పదిన్నర గంటలు పైమాటే! మీ చెల్లెమ్మ బిత్తరపోయింది గానీ నాకిందులో వింతేమీ లేదు. ఘాటు రోడ్డు దిగడానికి ఇరవై నిమిషాలు, లోడుతో ఎక్కడానికి గంటన్నర. గాలికి కూడా ఎగువా దిగువా ఉంటాయి కాబోలు. మీరు దిగువన ఉన్నారు.

కాబట్టి అమ్మాయిని పంపలేదని నేను పైన అన్నది న్యాయం కాదు, ఒప్పుకుంటున్నాను. కొట్టేద్దామనుకున్నాను గానీ ఇంకు బాగా పట్టేసింది, అలాగే ఉండనిచ్చాను. ఇంకో సంగతి. అంతసేపు కూర్చోకూడదు గనక మీ చెల్లెమ్మ మీ ఇంటికి వచ్చిందంటే ఇక తిరిగి రాలేదు. కాలు పూర్తిగా బాగయ్యేదాకా, అది ఏడాదైనా రెండేళ్ళైనా, మీ ఇంట్లోనే ఉంటుంది. ఒక్క రాత్రి కూడా ఉండట్లేదనే కదా మీ బాధ! ఇప్పుడు సంతోషమేనా?

సగం కోపంతో, సగం గిలక్కాయతో,
మీ స్టీరింగు బావ


ఏప్రిల్ 11

బావగారికి,

మీరు పరిహాసమాడటం లేదని ఈ ఉత్తరంతో తెలిసింది. అలాగైతే నాకు మరీ భయంగా ఉంది.

మన రెండు ఊళ్ళ మధ్య దూరం నాలుగువేల మూడువందల కిలోమీటర్లు. అట్లాసు మీద దారం పెట్టి కొలిచి, అబ్బాయిని కూడా అడిగి రాస్తున్నాను. దానికి విమానం ఐదు గంటల నలభై నిమిషాలు తీసుకుంటుంది. పోవడానికీ ఇంచుమించు అంతే, రావడానికీ అంతే. పాత ఊరి నుంచి ఇక్కడికి మారినప్పుడు మేమూ దాదాపు అంతసేపు కూర్చున్నాం. ముందు సీటుకి ఆనిన నా మోకాళ్ళే సాక్ష్యం. విమానం ఘాటు రోడ్డు ఎక్కదు బావగారూ. మీ చీటీలో ఏముందో నాకు తెలియదు. నేను రాసింది మాత్రం నిజం.

ఎవరో ఏదో నేర్పారన్నారు. కోడలికి ఎవరూ ఏమీ నేర్పలేదు. ఆ రోజు ఫోను పెట్టేశాక ఆ పిల్ల ఏం చేసిందో మీరు చూడలేదు, నేను చూశాను. మీరు చెప్పొద్దన్నందుకు నోరు కట్టుకుని కూర్చున్నాను. మీ రహస్యం మొయ్యడం, మళ్ళీ మీ చేతే దొంగననిపించుకోవడం, రెండూ నావల్ల కాదు.

ఇంకా రాస్తే మాట తూలుతుంది.

మీ వియ్యంకుడు


ఏప్రిల్ 24

బావగారూ,

కూర్చునే రాస్తున్నాను.

మీ ఉత్తరం రాగానే దాన్నీ, ఆ చీటీనీ పట్టుకుని టికెట్ల ఆఫీసుకి పరుగెత్తాను. మీరు మమ్మల్ని ఆపడానికే కిలోమీటర్లు పెంచి రాశారని నా గట్టి నమ్మకం. "అయ్యా, మా బావగారు చెప్పింది అబద్ధమని ఒక కాగితం మీద రాసి, ముద్ర వేసివ్వండి" అన్నాను.

"ఏం చెప్పారు మీ బావగారు?" అన్నాడు కళ్ళజోడు గుమస్తా.

"నలభై నిమిషాలు కాదట, ఐదు గంటల నలభై నిమిషాలట!"

"మీ బావగారు సరిగ్గానే చెప్పారండీ."

"మరి ఈ చీటీ నువ్వు రాసింది కాదూ?"

"నేనే రాశాను. ఎక్కేది మన గడియారం ప్రకారం, దిగేది వాళ్ళ గడియారం ప్రకారం. మనకి పది కొడితే వాళ్ళకి ఇంకా ఐదే. ఆ రోజే చెబుదామంటే మీరు వీధి మలుపు తిరిగిపోయారు. కేకేశాను కూడా."

"ఒకే బండికి రెండు గడియారాలేమిటయ్యా!" అని అరిచాను. వెనకున్నవాళ్ళు నవ్వారు. నవ్వనివ్వండి. నేను నడిపిన రూట్లన్నింటిలో ఎక్కిన చోటా దిగిన చోటా ఒకే గడియారం. అవతల డిపోలో అది ఐదు నిమిషాలు వెనకబడితే కంట్రోలరుతో పోట్లాడి సరిచేయించేవాణ్ణి. అమ్మాయి ఫోను చేసినప్పుడల్లా "ఇక్కడింకా తెల్లారలేదు నాన్నా" అంటూనే ఉంటుంది. పాపం, మా కోసం చీకటితో లేచిందనుకునేవాణ్ణి. ఆ చీకటిని తెచ్చి టికెట్టు పక్కన పెట్టుకోవడం మాత్రం నాకు తోచలేదు.

అట్నుంచటే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. "మూడు గంటలన్నాను, మూడే. దాదాపు ఆరు గంటలు ఒక్క బిగిన వద్దు. మీరు వెళ్ళిరండి, ఆవిణ్ణి ఇంట్లో ఉంచండి" అన్నాడు.

ఇంటికి వచ్చాను. చెప్పులు విప్పుతూ విప్పుతూ గుమ్మంలోనే కూర్చుండిపోయాను. మీ చెల్లెమ్మ వచ్చి నా మొహం చూసి, "తెలిసిందా?" అంది. నాకర్థం కాలేదు. "అంత దూరమని అమ్మాయి నాకు ఎప్పుడో చెప్పింది. అందుకే రావొద్దంది" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ముందే ఎందుకు చెప్పలేదే అని కేకలేశాను. ఆవిడేమందో తెలుసా? "పదకొండేళ్ళ తర్వాత ఈ ఇంట్లో ఒక మనిషి గంతులేస్తుంటే ఆపబుద్ధి కాలేదు. ఇంకో నాలుగు రోజులు గెంతనిద్దామనుకున్నాను" అంది.

ఒక్కణ్ణే వెళ్ళమంటోంది. నేనొక్కణ్ణీ వచ్చి ఏం చెయ్యను బావగారూ? అమ్మాయి తలుపు తీస్తుంది. నన్ను చూసి నవ్వుతుంది. తర్వాత నా భుజం మీదుగా వెనక్కి చూస్తుంది. ఆ చూపు నేను తట్టుకోలేను. ఉండనూ లేను, రానూ లేను. న్యూట్రల్లో ఇంజను రొదపెడుతున్నట్టుంది, బండి మాత్రం కదలడం లేదు.

మిమ్మల్ని అబద్ధాలకోరని అనుకున్నాను. మనసులోనే అనుకున్నాను గనక క్షమాపణ కూడా మనసులోనే చెప్పుకుందామనుకుంటే మీ చెల్లెమ్మ ఒప్పుకోలేదు. క్షమించండి. మా అక్కయ్యగారిని కూడా వంటింట్లోంచి ఇవతలికి రమ్మనండి.

మీ బావ


మే 6

బావగారికి,

ముందుగా నేనొక మాట తప్పాను. కోడలికి అంతా చెప్పేశాను. "నాన్న నలభై నిమిషాలే అనుకున్నాడా మామయ్యా?" అని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. "అందుకేనా వారం వారం అంత హుషారుగా ఉండేవాడు" అంది. వాళ్ళమ్మని రావొద్దని ఫోను పెట్టేసిన రోజు ఈ పిల్ల గంటసేపు తలగడలో మొహం దాచుకుంది. కిందటిసారి రాయనన్నది ఇదే. ఇప్పుడు రాయడానికి ఇబ్బంది లేదు.

అట్లాసు ముందు పెట్టుకుని మూడు రోజులు కూర్చున్నాను. డాక్టరు మూడు గంటలకు మించి కూర్చోవద్దన్నాడు గానీ, ప్రయాణమే చెయ్యొద్దనలేదు కదా. మీరు బస్సులు నడిపినవారు, దూరపు రూట్లకి హాల్టులుంటాయని నాకంటే మీకే బాగా తెలియాలి. కంగారులో మరచిపోయినట్టున్నారు. వెనక పేజీలో బొమ్మ వేశాను చూడండి. మన రెండు ఊళ్ళకి ఇంచుమించు నడిమధ్య, ఎర్రచుక్క పెట్టిన ఊరుంది. అక్కడికి మీ ఊరి నుంచి రెండు గంటల యాభై నిమిషాలు. అక్కణ్ణుంచి మాకు ఐదు నిమిషాలు ఎక్కువ. మధ్యలో రెండు రాత్రులాగి, కాళ్ళు చాపుకుని పడుకుని, నడిచి, డాక్టరుకి చూపించుకుని, అప్పుడు రెండో విమానం ఎక్కండి. విమానాశ్రయం పక్కనే లాడ్జి ఉందని, దాని కిందే డాక్టరుంటాడని అబ్బాయి కనుక్కున్నాడు.

ప్రతి ఊరి పక్కనా ఎక్కే టైము, దిగే టైము, అక్కడి గడియారం, మీ గడియారం, నిజంగా పట్టే గంటలు, అన్నీ వేరే వేరే రంగుల్లో రాశాను. ఈసారి మెట్లు దిగకముందే చదవండి.

ముందు ఈ బొమ్మ మీ డాక్టరుకి చూపించండి. ఆయన సరేనంటేనే. కాదంటే చించేయండి, నేను ఇంకోటి ఆలోచిస్తాను. కానీ తొందరపడండి. వారం పది రోజులు ముందే రావచ్చని ఇక్కడి డాక్టరమ్మ అంటోంది.

మా ఆవిడ మీ క్షమాపణ విని వంటింట్లోంచి వచ్చింది. వచ్చి, చెల్లెమ్మగారు మెట్లెక్కకూడదని కింద గది ఖాళీ చేయించింది. అది నా బొమ్మల గది. అట్టలు, రంగులు, బల్ల, అన్నీ నా చేతే మేడమీదికి మోయించింది. నా నడుం సంగతి ఎవరికీ పట్టలేదు. నెలకి తక్కువ ఉంటామంటే మళ్ళీ కిందికి మొయ్యాల్సింది మీరే.

ఎదురుచూస్తూ,
మీ వియ్యంకుడు


మే 23, ఎర్రచుక్క ఊరు

బావగారూ,

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యను, దీనికంటే మేమే ముందు వస్తాం. మీ చెల్లెమ్మ పడుకుంది, నాకు చేతులు ఊరుకోవడం లేదు, అందుకని లాడ్జి వాళ్ళ కాగితం అడిగి రాస్తున్నాను.

మా డాక్టరు మీ బొమ్మ చూసి, "ఇదెవరు వేశారండీ, నా గోడకి పెట్టుకుంటాను" అన్నాడు. ఇవ్వలేదు. రక్తం గడ్డకట్టకుండా కడుపు దగ్గర సూది వేసి, కాలికి బిగుతు మేజోళ్ళు తొడిగించి సరేనన్నాడు. నిన్న మొదటి విమానం. అరగంటకోసారి మీ చెల్లెమ్మ సీట్ల మధ్యలో ముందు నుంచి చివరిదాకా నడిచింది. వెనక నేను, పడిపోతుందేమోనని. విమానంలో పనిచేసే అమ్మాయి వచ్చి, "ఆవిడ నడవాలి సరే, మీరెందుకు సార్?" అంది. "నేను డ్రైవర్నమ్మా, కూర్చోబెట్టి ఇంకొకడు నడిపితే నావల్ల కాదు" అన్నాను. దిగేటప్పటికి ఆవిడ మడమ దగ్గర కొంచెం పొంగింది. కింద డాక్టరు చూసి, రెండు రాత్రులూ ఆగండి, రేపు సాయంత్రం మళ్ళీ చూస్తానన్నాడు.

ఇవాళ పొద్దున అల్లుడు ఫోను చేశాడు. అమ్మాయిని ఆసుపత్రిలో చేర్చారట. అవి అసలు నొప్పులో కావో ఇంకా తెలియదట.

ఇక చూడండి బావగారూ, మా ఇద్దరికీ యుద్ధం. మీ చెల్లెమ్మ ఇవాళే, మధ్యాహ్నం విమానానికే పోదామంటుంది. నేను వద్దంటాను. నా జన్మలో మొదటిసారి నేను "ఆగు" అన్నాను, ఆవిడ "పద" అంది. డాక్టరు రెండు రాత్రులన్నాడు కదే అంటే, ఆవిడ మంచం మీద లేచి కూర్చుని, "నా కాలి గురించి ఇద్దరు డాక్టర్లు మాట్లాడారు, మీరు మాట్లాడారు, అన్నయ్యగారు అట్లాసు ముందేసుకుని కూర్చున్నారు. ఆ కాలున్న మనిషిని ఒక్కరైనా అడిగారా?" అంది. "సరే, అడుగుతున్నాను, ఏమంటావు?" అన్నాను. "వాపు దిగింది. నొప్పి లేదు. డాక్టర్ని పిలిచి చూడమనండి. వద్దంటే ఆగుతాను. సరేనంటే మీరు అడ్డం నిలబడకండి" అని మళ్ళీ పడుకుంది. పడుకోవడం కూడా గెలిచినట్టే పడుకుంది.

డాక్టరు ఇప్పుడే వచ్చి చూసి వెళ్ళాడు. పిక్క కొలిచాడు, నొక్కాడు, నడిపించాడు. ఇంకో సూది వేసి, "వెళ్ళొచ్చు, కానీ విమానంలో నడుస్తూనే ఉండాలి" అన్నాడు. నాది సంతోషమో భయమో నాకే తెలియడం లేదు. రెండు ట్యాంకులూ ఒక్కటైపోయినట్టున్నాయి. మీ చెల్లెమ్మని లేపుదామని చూస్తే ఎప్పుడో లేచి, సంచి కట్టి, తలుపు దగ్గర నిలబడి ఉంది. "రాసింది చాల్లెండి" అంటోంది.

వచ్చేస్తున్నాం,
మీ స్టీరింగు బావ


మే 24, ఆసుపత్రి, రెండో అంతస్తు

బావగారూ,

కింద ఉన్న మీకు ఆయా చేత ఈ చీటీ పంపుతున్నాను. ఆడపిల్ల! తల్లీ బిడ్డా బాగున్నారు. ఆ ఏడుపు మీక్కూడా వినబడే ఉంటుంది, అది నా గొంతే, అనుమానం లేదు. నుదురు మాత్రం మీది, ఇప్పటినుంచే ఎవరినో తప్పుపడుతున్నట్టు ముడిచింది.

నొప్పులు బాగా ఎక్కువైనప్పుడు అమ్మాయి పట్టుకున్నది వాళ్ళమ్మ చెయ్యే బావగారూ. నర్సమ్మ ఇప్పుడే చెప్పింది. ఆ చేతి మీద గోళ్ళు దిగిన గుర్తులున్నాయి. మీ చెల్లెమ్మ బయటికొచ్చి నాకు చూపించి, మళ్ళీ లోపలికి పోయింది. కాలు ఎలా ఉందని అడిగితే, "ఏ కాలు?" అంది.

ఈ అంతస్తులో గది బయటి బల్ల దగ్గరికి ఒక్కరినే రానిస్తారట. మీరు రావాలంటే నేను దిగాలట. ఆయా మూడుసార్లు చెప్పింది. లేద్దామనే చూస్తున్నాను, కాళ్ళు రావడం లేదు. ఇక్కణ్ణుంచి కొంచెం వంగితే తలుపు సందులో పాప పాదం ఒకటి కనబడుతోంది. నేను దిగను. మీరే ఏదో ఒకటి చెప్పి పైకి రండి.

తాత


(అదే చీటీ వెనక)

చదివాను. మా ఆవిడకి కూడా చదివి వినిపించాను. ఆయాతో మాట్లాడాను. ఇద్దరు ముసలి తాతల్ని ఒక్క మనిషిగా లెక్కేసుకుంటానంది.

కొంచెం జరిగి కూర్చోండి, వస్తున్నాను.